చెంగ్డూ కంచె వెలుపల

పల్నాటి సీమలోని మాచవరమునకు ఇటీవల పనిమీద వెళ్లియుంటిమి. సాయంకాలము బస్సు కొరకు వేచియుండగా, టీకొట్టు ముందరి బల్లమీద నలుగురు యువకులు ఒక్క ఫోనుపై తలలు వంచి తదేకదృష్టితో ఏదియో చూచుచుండిరి. సినిమా కాబోలు ననుకొంటిమి. కాదు, అది చీనాదేశపు క్రొత్త యుద్ధవిమానము. తోకలేని గాలిపటము వంటి బూడిదవన్నె యాకార మొకటి మేడలమీదుగ, చెట్లమీదుగ తీరికగ సాగిపోవుచున్నది. దాని వెంట మరియొక చిన్న విమానము కాపుగ వచ్చుచున్నది. ఆ బొమ్మను రెండుమూడుసారులు త్రిప్పి త్రిప్పి చూచిన పిమ్మట వారిలో నొకడు మావైపు తిరిగి, “మీరు పేపరువారు గదండీ, ఇది నిజమేనా? నిజమైతే ఇంక మన పని అయిపోయినట్లేనా?” అని యడిగెను. అంతలో బస్సు వచ్చినది. ఆ యువకునకు తగిన సమాధానము చెప్పకయే బస్సెక్కితిమి. నాటినుండి ఆ ప్రశ్న మమ్ము వదలలేదు.

మొదటి ప్రశ్నకు జవాబు సులభము. అది నిజమే. 2024 డిసెంబరు 26వ తేదీన, అనగా మావో జన్మదినమున, నైరుతి చీనాలోని చెంగ్డూ నగరముమీద ఈ విమానము పట్టపగలు ఎగిరినది. ఆ సమయముననే ఈశాన్యమందలి షెన్యాంగు కర్మాగారమువారి మరియొక తోకలేని విమానముగూడ జనుల కంటబడినది. వీనికి చీనా ప్రభుత్వము పేరు చెప్పలేదు. బయటివారే జె-36 అనియు, జె-50 అనియు పేర్లు పెట్టుకొనిరి. మొదటిదానికి మూడు ఇంజనులు కలవు. రెండింటికి గాలి క్రిందినుండియు, మూడవదానికి వీపుమీదినుండియు పోవుచున్నది. వెంటవచ్చినది జె-20 యొక్క రెండుసీట్ల రకము. 2025లో మార్పులతో గూడిన రెండవ నమూనాయు ఎగిరినది. ఇంతవరకు వివాదము లేదు. అది ఎంతదూరము పోగలదు, ఏయే ఆయుధముల మోయగలదు, దాని ఇంజను ఎన్ని గంటలు నిలువగలదు అను సంగతులను బొమ్మను చూచియే చెప్పువారు మాత్రము చేయి చూచి జాతకము చెప్పువారి తెగవారు.

ఇచ్చట పాఠకులు ఒక విచిత్రమును గమనింపవలెను. చెంగ్డూ కర్మాగారపు విమానాశ్రయము ఏ మారుమూల యెడారియందో లేదు. ఊరిని ఆనుకొనియే యున్నది. దాని కంచె వెలుపల పొడవుగొట్టముల కెమేరాలు పట్టుకొని దినములతరబడి కాచుకొనియుండు ఔత్సాహికులు చిరకాలముగ నున్నారు. చీనాలో సర్కారునకు గిట్టని మాట యొకటి వ్రాసినచో అది గంటలలో మాయమగును. అట్టి దేశమున అత్యంత రహస్యమైన విమానపు బొమ్మను ఎవరో పౌరుడు తీసి లోకమునకు పంపగా అది మాయము కాలేదన్నచో, మాయము చేయవలదని పైవారు తలంచిరనియే యర్థము. 2010 డిసెంబరు తుదిదినములలో జె-20 బొమ్మలు సరిగా ఇట్లే కంచె వెలుపలినుండి వచ్చినవి. 2011 జనవరి 11న, అమెరికా రక్షణమంత్రి గేట్సు బీజింగులో అధ్యక్షుడు హూ జింటావోను కలిసికొన్న దినముననే, అది తొలిసారి ఎగిరినది. గేట్సు ఆ ప్రస్తావన తెచ్చినపుడు అధ్యక్షునకే ఆ వార్త తెలియనట్లు కనబడెనని అమెరికావారు చెప్పిరి. తెలియకపోవుట నిజమైనను, నటనయైనను, అతిథికి అందవలసిన కబురు అందినది. మాచవరపు టీకొట్టులోని ఫోనునకు చేరినదియు అట్టి కబురే.

ఈ విమానముయొక్క ప్రత్యేకత యేమి? రాడారునకు చిక్కదని. చీకటిలో బ్యాటరీలైటు వేసి వెదకుటవంటిదే రాడారు. పంపిన కిరణము వస్తువునకు తగిలి తిరిగివచ్చిననే వస్తువు కనబడును. అద్దమును మనకెదురుగ పెట్టిన లైటువెలుగు మన కంటికే కొట్టును. వాలుగ పెట్టిన వేరొక దిక్కునకు పోవును. విమానపు ప్రతి అంచును, ప్రతి తలమును అట్లు వాలుగ మలచి, మిగిలిన కిరణమును మ్రింగు పూత పైన పూసి, బాంబులను పొట్టలో దాచినచో, అంతపెద్ద విమానము రాడారు తెరమీద పిట్టంత యగును. నిలువు తోకను తీసివేయుటయు ఇందుకే. చిత్రమేమనగా, యంత్రముల కన్నుగప్పుటకై ఇంత శ్రమపడి నిర్మించిన వస్తువు, కంచెయొద్ద నిలిచిన మనుష్యుని కంటికి మాత్రము కొంగవలె స్పష్టముగ కనబడుచున్నది.

ఈ విద్య పుట్టిన కథగూడ చెప్పదగినది. 1962లో మాస్కోలో ఉఫిమ్‌త్సెవ్ అను శాస్త్రజ్ఞుడు, వస్తువుల అంచులయొద్ద విద్యుత్తరంగములు ఎట్లు చెదరునో లెక్కగట్టు పద్ధతిని పుస్తకముగ ప్రకటించెను. ఆయన ప్రభుత్వము అది దాచదగిన సంగతియని యైనను తలంపలేదు. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత రష్యాలోను వర్తించెను. అమెరికావారు దానిని తమ భాషలోనికి త్రిప్పుకొని, ఆ లెక్కలతో ఎఫ్-117 విమానమును నిర్మించిరి. 1981లో అది ఎగిరినను 1988 వరకు దాని యునికిని లోకమునకు చెప్పలేదు. అట్లని అది అజేయమా? కాదు. 1999 మార్చి 27న సెర్బియా సైనికులు, మీటరుపొడవు తరంగములతో పనిచేయు పాత రాడారును, 1960 ప్రాంతపు పెచోరా క్షిపణిని పట్టుకొని, ఓపికతోను యుక్తితోను ఆ విమానమును కూల్చివేసిరి. పెచోరాలు మన వైమానికదళమునకును చిరపరిచితములే.

కావున భయపడి పనిలేదు. ఆంధ్రులు శత్రువిమానము నెరుగనివారు కారు. 1942 ఏప్రిలు 6న జపానువారి విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వైచినవి. పడిన బాంబులు కొలదియే. కాని ఆ నెలలో ఒక్క బాంబును పడని చెన్నపట్టణమునుండి జనము మూటాముల్లె కట్టుకొని రైళ్లకు ఎగబడిరి. దొరల కచేరీలు సైతము లోపలి జిల్లాలకు తరలినవి. ఆనాటి సంగతులు తాతలనోట విన్నవారు మా పాఠకులలో ఇప్పటికిని కలరు. బాంబుచేత చెడిన దానికంటె వదంతిచేత చెడినది ఆనాడు హెచ్చు.

భయపడువారు ఒక తెగవారైన, నవ్వువారు మరియొక తెగవారు. “చీనా సరకు గదా, నాలుగు దినములకు మూలపడును” అని హేళన చేయువారు ఆ టీకొట్టులోనే యుండిరి. ఆ మాటకే హెచ్చు చప్పట్లు పడినవి. కోడిపందెముతో రాజ్యములు తారుమారైన కథ మన పల్నాటిది. పందెపుకోడి ఈకల వన్నె చూచి బెదరువాడును, నవ్వువాడును ఒక్కటే. పందెమెరిగినవాడు దానిని ఎవరు, ఎన్నియేండ్లుగ, ఏమి పెట్టి మేపిరని యడుగును.

ఆ ప్రశ్నయే అడిగి చూతము. చీనావారి జె-10 విమానము 1998లో తొలిసారి ఎగిరినపుడు దానిలోనిది రష్యా ఇంజను. 2011లో జె-20 ఎగిరినపుడును, 2017లో అది సేనలో చేరినపుడును వారికి పరుల ఇంజను ఆసరా తప్పలేదు. వారి స్వంత ఇంజను తొలిదినములలో అనేకమారులు విఫలమైనది, లోకము నవ్వినది. వారు సొమ్ము ఆపలేదు, పని ఆపలేదు, బయటినుండి కొనుటయు మానలేదు. కొన్నదానితో విమానమును ఎగురనిచ్చుచు, తమదానిని ప్రక్కనుంచి దిద్దుకొనుచు వచ్చి, తుదకు జె-20 లోనే స్వంత ఇంజను నమర్చుకొనిరి. తొలి యెగురుటకును సేనలో చేరుటకును నడుమ వారికి పట్టినది ఆరేండ్లు.

ఇక మన లెక్క. హిందూస్థాన్ విమానకర్మాగారమును 1940లో బెంగుళూరులో మైసూరు సంస్థానపు సాయముతో స్థాపించినవాడు వాల్‌చంద్ హీరాచంద్. ఆయనకు తోడైన అమెరికను పాలీ అంతకుముందు చీనాలో విమానకర్మాగారము నడిపినవాడు. అనగా ఇరుదేశములును ఈ విద్యలో దాదాపు ఒక్కబడిలోనే ఓనమాలు దిద్దినవి. 1961 జూన్ 17న మన మారుత్ విమానము ఎగిరినది. జర్మను ఇంజనీరు కుర్ట్ టాంకు దాని రూపకర్త. దేహము చక్కనిది, గుండె బలహీనము. దానికి తగిన బలమైన ఇంజనును తయారుచేయుటకు బ్రిటిషు కంపెనీ సొమ్మడుగగా మన ప్రభుత్వము ఈయలేదు. 1971 యుద్ధమున మన్నిక చూపినను, ఇంజను లోపముచేత అది అనుకొన్నంత వేగము నెన్నడును అందుకొనలేక 1990 నాటికి విశ్రాంతి పొందినది. మారుత్ తరువాత ఆ విద్యను పెంచి పోషించువారు లేక, నేర్చినవారు చెదరిపోయిరి. తేజస్ పనికి పూనుకొన్నపుడు మరల మొదటినుండి మొదలుపెట్టవలసివచ్చినది.

తేజస్‌నకు అనుమతి 1983లో. తొలిసారి ఎగిరినది 2001 జనవరి 4న. మొదటి దళము ఏర్పడినది 2016 జులై 1న. ఎగిరిన పిమ్మట పదునైదేండ్లు! ఇందులో మనవారి తప్పు లేనిదియు కలదు. 1998 పోఖ్రాన్ అణుపరీక్షల పిమ్మట అమెరికావారు ఆంక్షలు విధించి, విమానమును అదుపులోనుంచు కంప్యూటరు పనిలో తోడ్పాటు ఆపివేసిరి. అప్పుడు బెంగుళూరు శాస్త్రజ్ఞులు ఆ లెక్కలన్నియు తామే వ్రాసికొని నెగ్గిరి. ఆ పథకమునకు సారథ్యము వహించిన కోట హరినారాయణగారు పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ పనిచేసిరి. మనవారికి తెలివి తక్కువయను మాట ఈ చరిత్ర నెరిగినవా రెవ్వరు ననరు. తక్కువైనది వేరొకటి. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ విమానములకు ఆర్డరు ఇచ్చిరి. 2024 మార్చినాటికి మొదటిది రావలసినది. 2025 ముగిసినను రాలేదు. 2021లోనే ఆర్డరిచ్చిన 99 అమెరికా ఇంజనులలో మొదటిది చేరినది 2025 మార్చిలో. 2025 సెప్టెంబరు 26న మిగ్-21 విమానములకు వీడ్కోలు చెప్పిననాడు, 42 దళము లుండవలసినచోట మనకు మిగిలినవి 29. మాచవరపు యువకుడు భయపడవలసినది చెంగ్డూ బొమ్మను చూచి కాదు, ఈ యంకెను చూచి.

ఇంజను ఏల ఇంత కష్టము? మాచవరమునుండి పిడుగురాళ్ల ఎంతో దూరము లేదు. అచ్చటి సున్నపుబట్టీల వేడి మా పాఠకు లెరిగినదే. రాతిని సున్నముగ మార్చుటకు దాదాపు 900 డిగ్రీల వేడి కావలెను. యుద్ధవిమానపు ఇంజనులో మండిన వాయువు 1,400 డిగ్రీలను మించును. ఆ వాయుప్రవాహమునకు ఎదురుగ, నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగుచు, రెక్కలవంటి లోహపు పలకలుండును. ఆ లోహము కరగు వేడికంటె దానిచుట్టు నున్న వాయువు వేడి హెచ్చు! అయినను అది కరగరాదు, సాగరాదు, విరుగరాదు. అందుకై పలకనంతటిని ఒక్క స్ఫటికముగ పోతపోసి, లోపల సూదిబెజ్జములవంటి మార్గములుంచి, చల్లనిగాలి పంపుదురు. ఈ పోతవిద్య నెరిగిన దేశములు చేతివ్రేళ్లపై లెక్కింపదగినవి. వా రెవ్వరును దానిని సంతలో నమ్మరు. హైదరాబాదు కంచన్‌బాగులోని రక్షణలోహ పరిశోధనశాలవారు ఈ విద్యను కొంత సాధించి, హెలికాప్టరు ఇంజనుకొరకు తలపెట్టిన 300 పలకలలో 60 పలకలను కర్మాగారమున కిచ్చినట్లు 2021 ఏప్రిలులో ప్రకటన వెలువడినది. ఆ వార్తకు మన పత్రికలలో దొరికిన తావు అంగుళమంత. చెంగ్డూ బొమ్మకు దొరికినది పేజీలు. ఈ తప్పులో మాకును భాగము కలదు.

మన కావేరి ఇంజను పథకమునకు 1989లో అనుమతి లభించినది. కావలసిన బలము రాక, తేజస్ దానిని విడిచి పరాయి ఇంజనుతో ఎగిరినది. విఫలమైన కావేరిని చూచి నవ్వినవారు మన పార్లమెంటులోను, మన పత్రికలలోను కూడ నుండిరి. చీనావారి తొలి ఇంజను గతియు ఇట్టిదే యని ముందే చెప్పియున్నాము. భేదమెల్ల విఫలమైన పిమ్మట ఏమి చేసిరన్న చోట కలదు.

ఇప్పుడు మనమును రాడారునకు చిక్కని విమానమును కట్టుచున్నాము. దాని పేరు ఆమ్కా. 2024 మార్చిలో మంత్రివర్గపు భద్రతాసంఘము దాని నిర్మాణమునకు సుమారు రు. 15,000 కోట్లు మంజూరు చేసినది. 2025 మే 27న, ప్రభుత్వ కర్మాగారముతోబాటు ప్రైవేటు కంపెనీలును పోటీపడి ఈ పని పొందవచ్చునని రక్షణశాఖ ప్రకటించినది. ఇది మంచి నిర్ణయమని మా యభిప్రాయము. ఒక్క కర్మాగారమే దిక్కైనపుడు గడువు తప్పినను అడుగువాడుండడు. తొలి రకమునకు అమెరికా ఇంజను. పిమ్మటి రకమునకు ఫ్రాన్సువారితో గూడి ఇంజను చేయుదుమని 2025 ఆగస్టులో రక్షణమంత్రి చెప్పిరి. సేనలో చేరుట 2035 ప్రాంతమునకని యంచనా. ఫ్రాన్సువారితో ఒప్పందమున ఆ పోతవిద్య మనకు పూర్తిగ దక్కునా, లేక బిగించుటమాత్రమే మన వంతగునా అనునదియే ముఖ్యమైన సంగతి. దానిని గూర్చి బహిరంగముగ చర్చ జరుగుట అరుదు.

కంచె వెలుపల నిలిచి చూచుట మన ప్రాంతమునకును క్రొత్త కాదు. కొరిశపాడువద్ద, 16వ నెంబరు జాతీయరహదారిలో 4.1 కిలోమీటర్ల భాగమును విమానములు దిగుటకు వీలుగ నిర్మించిరి. 2022 డిసెంబరు 29న ఒకమారును, 2024 మార్చి 18న మరియొకమారును అచ్చట పరీక్షలు జరిగినవి. రెండవమారు సుఖోయి, హాక్ విమానములు రోడ్డును తాకునంత క్రిందుగ వచ్చి లేచిపోయినవి. సరకుల విమానములు దిగినవి. చుట్టుపట్ల జనము గుంపులుగ వచ్చి చూచిరి. పిల్లలను భుజములపై నెక్కించుకొని వచ్చినవారి సంతోషమును తప్పుపట్టువారము కాము. అట్టి సంతోషము లేని జాతి విమానమును కట్టజాలదు. కాని చెంగ్డూ కంచెయొద్ద నిలిచినవానికిని కొరిశపాడులో నిలిచినవానికిని ఒక భేదము కలదు. ఆ చీనా పౌరునకు బొమ్మ చూచుటకు సెలవు దొరకినది. ఎంత ఖర్చైనది, ఎన్ని కూలినవి, ఎవరి తప్పని యడుగుటకు సెలవు లేదు. మనకు ఆ విమానము ఇంకను లేదు గాని, లెక్క అడుగు హక్కు కలదు. ఆ హక్కును మనము వాడుకొనుటలేదు. రోడ్డునకు గుంటపడిన గ్రామమంతయు కదలి పంచాయతీ కచేరీ ముందు నిలుచును. 15,000 కోట్ల పనికి గడువు తప్పిన ఒక్క కార్డుముక్క వ్రాయువాడు లేడు.

రక్షణవిషయములు రహస్యములు గదా, ఎట్లడుగుదు మందురేమో. విమానపు పూతలో ఏమి కలిపిరని యడుగుట లేదు. 2025 నవంబరు 21న దుబాయిలో తేజస్ కూలి మన యువపైలటు ప్రాణము కోల్పోయినపుడు దేశమంతయు దుఃఖించినది. అట్టి సాహసుల చేతికిచ్చు వస్తువు ఎప్పుడు వచ్చును, ఏల ఆలస్యమైనది అని యడుగుటకు ఏ రహస్యచట్టమును అడ్డురాదు.

కావున నరసరావుపేట లోకసభ సభ్యులవారికి ఈ వారమే మేమొక లేఖ పంపుచున్నాము. రానున్న సమావేశములలో ఆయన రక్షణమంత్రిగారి నడుగవలసినవి మా లేఖలో నిట్లున్నవి: 2021లో ఆర్డరిచ్చిన 83 తేజస్‌లలో ఈనాటికి ఎన్ని సేనకు చేరినవి? ఆమ్కా తొలి నమూనా బయటికి వచ్చుటకు నిర్ణయించిన తేదీ ఏది, ఆ తేదీ ఇంతవరకు ఎన్నిమారులు మారినది, మార్చినవారెవరు? ఫ్రాన్సువారితో చేయు ఇంజనులో ఏకస్ఫటికపు పలకల పోత ఏ యూరిలో, ఎవరి చేతులమీదుగ జరుగును? కంచన్‌బాగు పరిశోధనశాలలో ఈ పనిమీద నున్న శాస్త్రజ్ఞుల సంఖ్య 2021లో ఎంత, ఇప్పుడెంత? ప్రత్యుత్తరము వచ్చినచో అక్షరము విడువక ఈ పుటలోనే ప్రకటింతుము. రానిచో, రాలేదని ప్రతి మూడునెలలకును ప్రకటింతుము. ఈ సంచిక ప్రతి యొకటి మాచవరము టీకొట్టునకు పోస్టులో వెళ్లుచున్నది.